గాట్ల డాక్టరు

పోయిన రోజు ఉదయం మా పెదనాన్న చేసిన చివరి పని ఒక సీసాకి కాగితం అంటించడం.

అది కొట్లో కొన్న దగ్గుమందు. మూతకే కొలత గిన్నె ఉంది, గిన్నె మీద గీతలున్నాయి, గీతల పక్కన అంకెలున్నాయి. అయినా ఎనభై ఆరేళ్ల మనిషి పాత క్యాలెండరు కాగితాన్ని సన్నటి పట్టీగా కోసి, మడత మీద మడత పెట్టి, అంచున కత్తెరతో చిన్న గాటు వేసి విప్పాడు. పట్టీ పొడవునా సమాన దూరంలో గాట్లు వచ్చాయి. వెనక జిగురు రాసి సీసాకి నిలువుగా అతికించాడు. చేతులు వణుకుతూనే ఉన్నాయి, పట్టీ మాత్రం తిన్నగా కూర్చుంది.

"గిన్నె ఉంది కదా పెదనాన్నా," అన్నాను.

"మీ పెద్దమ్మకి అంకెలు కనపడవు. గాటైతే గోటికి తగులుతుంది."

"నేను పోసిస్తాను కదా."

"అందుకే వేస్తున్నా. నీకు అంకెలు కనపడతాయి గానీ బుర్రకెక్కవు."

ఆయన నాతో అన్న చివరి మాట అది. మధ్యాహ్నం భోజనం చేసి, కూరలో ఉప్పెక్కువైందని పెద్దమ్మని ఒక మాట అని, వరండాలో పడక్కుర్చీలో వాలి, అక్కడే పోయాడు. వచ్చినవాళ్లంతా అదృష్టవంతుడన్నారు. ఎవరిచేతా చాకిరీ చేయించుకోకుండా వెళ్లిపోయాడన్నారు. బతికున్నన్నాళ్లూ ఆయన చేయించుకున్న చాకిరీ వాళ్లకు తెలియదు. తెలిసిన మనిషి లోపల ఆ సీసా చేత్తో పట్టుకుని, గాట్లు గోటితో తడుముకుంటూ కూర్చుంది.

ఆ ఊరికి ఆయన మొదటి డాక్టరు. అంతకుముందు వేర్లు నూరి ఇచ్చే ముసలామె ఒకతె, గడ్డాలు గీస్తూ అదే కత్తితో కురుపులు కోసేవాడొకడు, అంతే. ఆ ఇద్దరితో పోలిస్తే ఎవరైనా గొప్పవాడే. ఈయన చదివింది మూడేళ్ల వైద్యం, అదీ నాలుగేళ్లలో. బోర్డు మీద పేరు కంటే పేరు పక్కన అక్షరాలే పొడుగ్గా ఉండేవి. ఆ అక్షరాలకు అర్థమేమిటని అడిగేవాడు ఊళ్లో లేడు గనక అవి ఏటా ఒకటి పెరిగేవని మా నాన్న నవ్వేవాడు. తెల్లకోటు ఒకటే ఉండేది. వారానికోసారి ఉతికేవారు. ఆ ఒక్కరోజూ ఆయన మామూలు చొక్కాతో కూర్చుని, వచ్చినవాళ్లు తనని గౌరవంగా చూడటం లేదని రెండింతలు విసుక్కునేవాడు.

ఇంటి ముందుగదే ఆస్పత్రి. గోడవారన ఒక బల్ల, మధ్యలో మేజా, కిటికీకి దోమతెర. అడ్డగోడ అవతల కాంపౌండరు గది. అందులో త్రాసు, మందులు నూరే కల్వం, గాజు మూతల సీసాలు, పెచ్చులూడిన ఎనామిలు బేసిను. మేజా మీద గ్లాసులో క్రిములు చంపే గులాబీరంగు నీళ్లు, ఆ నీళ్లలో ఒక పొడుగాటి స్టీలు చెంచా. గొంతులు చూడటానికి నాలుక నొక్కిపట్టే చెంచా అది. దాన్ని ఆయన తప్ప ఎవరూ ముట్టుకోకూడదు.

కాంపౌండరుని ఊరంతా గరాటా అనేది. నోరెప్పుడూ తెరుచుకునే ఉండేది కాబట్టి. డాక్టరుగారు చీటీ రాస్తే గరాటా మందు కలిపి సీసాలో పోసేవాడు. సీసాకి పట్టీ మాత్రం పెదనాన్నే కోసేవాడు. చదువు రానివాళ్లకు అంకెలు రాసి లాభం లేదు కదా, పూటకి ఒక గాటు. ఆరు గాట్లంటే రెండు రోజుల మందు, తొమ్మిదంటే మూడు రోజులు. మంచి పద్ధతే. ఆయన జీవితంలో పెట్టిన మంచి పద్ధతి అదొక్కటే అంటాను. ఊరు దాన్నీ పాడుచేసింది.

ముందు గాట్లు గొప్పతనానికి కొలతయ్యాయి. కిరాణా కొట్టాయన ఒకరోజు ఆరు గాట్ల సీసా తిరగేసి, బోర్లించి చూసి కదలకుండా నిలబడ్డాడు.

"డాక్టరుగారూ, మా వియ్యంకుడికి తొమ్మిది గాట్లు ఇచ్చారట."

"ఆయనకి ఊపిరితిత్తుల్లో నెమ్ము. నీకు అజీర్తి."

"అజీర్తే అనుకోండి. అయినా ఆయనకంటే తక్కువ పట్టుకెళితే ఇంట్లో నా మాట ఏం చెల్లుతుంది చెప్పండి."

పెదనాన్న పాత పట్టీ పీకి, పన్నెండు గాట్లు కోసి అంటించాడు. "పూటకి రెండు గాట్లు తాగు," అన్నాడు. కొట్టాయన ఆ సీసాని గుడ్డసంచిలో పెట్టుకోకుండా, అందరికీ కనపడేలా చేత్తో పైకి పట్టుకుని వీధంతా నడిచి వెళ్లాడు.

ఆ తర్వాతది ఇంకా ఘోరం. మందులో ఏముందో ఎవరికీ తెలియదు, ఎర్రగా చేదుగా ఉంటుందని తప్ప. డాక్టరు తన చేత్తో చేసేది మాత్రం కాగితమే. కాబట్టి పనిచేసేది కాగితమేనని ఊరు తేల్చుకుంది. మందు అయిపోయాక సీసాలో నీళ్లు పోసి, మళ్లీ మొదటి గాటు నుంచి తాగడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు పట్టీని తడిపి, చిరగకుండా ఊడదీసి, ఇరుగుపొరుగుకి ఇవ్వడం మొదలైంది. "మా ఆయన జ్వరానికి పనిచేసిన పట్టీ వదినా, నీ కోడలికి అంటించు, మళ్లీ తెచ్చియ్యి." ఈ సంగతి తెలిసిన రోజు పెదనాన్న భోజనం మానేశాడు. "వీళ్లకి డాక్టరెందుకు, కత్తెర చాలు," అన్నాడు. ఊరి మీద ఆయనకి మొదటినుంచీ చులకనే. ఆ రోజు నుంచి అది అసహ్యమైంది. రోగి గుమ్మం ఎక్కగానే మొదట సీసా అడిగేవాడు, పట్టీ చూసేవాడు, అరువు పట్టీ అయితే తిట్టేవాడు. తిట్లయ్యాకే జబ్బు.

నేను ఇరవై మూడో ఏట ఆ ఊరి గ్రంథాలయంలో ఉద్యోగానికి వచ్చి ఆ ఇంటి మేడగదిలో దిగాను. పొద్దున గ్రంథాలయం పదింటికి తెరవాలి. అప్పటిదాకా రోగుల బల్ల చివర కూర్చుని పేపరు చదివేవాణ్ణి. అలా నేను చూసిందేమిటంటే, ఆయన ఎవరి మాటా పూర్తిగా వినడు. "నాలుగు రోజుల నుంచి డాక్టరుగారూ, కుడివైపు..." అనగానే "కడుపు" అని రాసేసేవాడు. అది కడుపు కాకపోతే రోగిదే తప్పు.

ఒక్క విషయంలో మాత్రం ఆయనకి పట్టుదల ఉండేది. పెద్ద రిజిస్టరు ఒకటి పెట్టుకున్నాడు. అందులో అయిదు గడులు. తేదీ, ఎవరు, ఏమిటి, ఏం ఇచ్చాను. అయిదో గడి పేరు "తర్వాత". ఆ గడి పేజీలకు పేజీలు ఖాళీ.

"బాగైనవాడు మళ్లీ రాడు, పోయినవాడు ఎలాగూ రాడు," అనేవాడు సాయంత్రం ఆ గడి వేలితో కొడుతూ. "ఇక నేనిచ్చింది మందో మట్టో నాకెలా తెలియాలి? ఇరవై ఏళ్లు వైద్యం చేశాను. నేను మంచి డాక్టర్నా కాదా? చెప్పు చూద్దాం."

"వెళ్లి అడగొచ్చుగా వాళ్లని."

"పిలవకుండా డాక్టరు గడప తొక్కకూడదు. విలువ పోతుంది."

ఆయనకి కావలసింది అదొక్కటే, తర్వాత ఏమైందో తెలియడం. దానికి అడ్డం ఆ విలువొకటే.

ఆ విలువ అడ్డు రాని కాళ్లు రెండు ఇంట్లోనే ఉన్నాయి. పెద్దమ్మ రోజూ మూడింటికి గొడుగు తీసుకుని బయల్దేరేది. దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చేది. ఏ ఇంట్లో కూర్చునేదో, ఏం మాట్లాడేదో మాకెవరికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

"బయల్దేరింది గస్తీ," అనేవాడు పెదనాన్న కిటికీలోంచి చూస్తూ. "ఊళ్లో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో తెలియకపోతే మీ పెద్దమ్మకి తిన్నది అరగదు."

నేను నవ్వేవాణ్ణి. గరాటా నోరు ఇంకొంచెం తెరుచుకునేది. వెనక్కి వచ్చాక ఆమె ఏదైనా చెప్పబోతే "ఊరి సోది నా చెవిన వెయ్యకు" అని పెదనాన్న చెయ్యెత్తేవాడు. ఆమె ఆగిపోయేది. గొడుగు మడిచి మూల పెట్టి, వంటింటి గుమ్మం పక్కన మేకుకి తన తాళాలు తగిలించి లోపలికి వెళ్లేది. ఆ మేకు మీద కూడా ఆయనకి ఫిర్యాదే. పొద్దున మందుల గది తాళంచెవి దాన్నుంచే తీసుకోవాలి. కొట్టుగదిది, పెట్టెది, దేనిదో తెలియనిది, అన్నీ దానికే. "ఇది మేకా, పాత ఇనుము కొట్టా?" అని రోజూ ఒకసారి గొణిగేవాడు. నేను విన్న సుప్రభాతం అదే.

నేను వచ్చిన రెండో ఏడు, గాలిదుమారాల రోజుల్లో ఊరు ఊరంతా దగ్గుతోంది. ఆ వారం బల్ల మీద చోటు లేదు. పొద్దున తొమ్మిదిన్నరకి తాళాలు బాగుచేసే ఆయన భార్య కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. ఏడేళ్ల పిల్లని ఎవరూ చంకనెయ్యరు. అది ఎవరికీ తట్టలేదు. పిల్ల తల్లి భుజం మీద తల వాల్చి ఉంది. తల్లి చేతిలో సీసా.

పెదనాన్న సీసా తీసుకున్నాడు, వెలుతురుకి పట్టాడు. లోపల చక్కెర నీళ్లు. పైన తొమ్మిది గాట్ల పట్టీ, రెండు చోట్ల చిరిగితే అతికించినది.

"ఇది నేను నీకిచ్చానా?"

"లేదండీ. పక్కింటి వాళ్లది. వాళ్లబ్బాయికి గొంతునొప్పి దీంతోనే తగ్గిందంటే..."

"ఎన్నాళ్లు పట్టావు?"

"రెండ్రోజులండీ. గాటు తప్పకుండా పట్టాను. పిల్ల మింగలేకపోతోందండీ."

ఇక మొదలైంది. కాగితం గురించి, నీళ్ల గురించి, ఆ ఊరి మనుషుల పుర్రెల్లో ఏముంటుందన్న దాని గురించి. బల్ల మీదున్నవాళ్లంతా వింటున్నారు, అందులో సగంమంది తమ సీసాలు కొంగుల కింద దాచుకుంటూ. "తాళం చెడితే నీ మొగుడు దాని మీద కాగితం అంటిస్తాడా? అంటించి ఇచ్చేస్తాడా?" అన్నాడు. నవ్వారు. నేనూ నవ్వాను, బాగా అన్నాడనిపించి. తల్లి తల దించుకుంది. పిల్ల నవ్వలేదు, ఏడవనూ లేదు, నోరు కొంచెం తెరిచి గాలి పీల్చుకుంటూ చూస్తోంది.

లోపలి గుమ్మంలోంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. ఆమె ముందుగదిలోకి వచ్చేది కాదు, రోగులున్నప్పుడు అసలే రాదు.

"ఏవండీ, ఆ పిల్ల మెడ ఒకసారి చూడండి."

"నీకు లోపల పనేం లేదా?"

"కాదు, మెడ వాచినట్టుంది..."

"డాక్టరు నువ్వా నేనా? వెళ్లు లోపలికి."

ఆమె వెళ్లిపోయింది. గులాబీ నీళ్లలో చెంచా అలాగే ఉంది. పెదనాన్న చీటీ రాశాడు, కొత్త పట్టీ కోశాడు, ఆరు గాట్లు. ఉప్పునీళ్లు పుక్కిలించమన్నాడు. పిల్ల నోరు తెరిపించలేదు. కాగితం మీద కోపంతో గొంతు చూడటం మర్చిపోయిన డాక్టరు లోకంలో ఇంకొకడుంటాడని నేననుకోను.

సాయంత్రం రిజిస్టరు రాస్తుంటే నేను ఎదురుగా ఉన్నాను. "తాళాలాయన కూతురు, ఏడేళ్లు, గొంతు" అని రాసి, నాలుగో గడి దగ్గర కలం ఆపాడు. చాలాసేపు ఆపాడు. సిరా చుక్క పడి పెద్దదయింది. లేచి అలమారలోంచి లావుపాటి పుస్తకం తీసి ఒక పేజీ చదివాడు. తెలిసిందే మళ్లీ చదువుతున్నాడని ఆ ముఖం చూస్తే తెలిసిపోయింది.

"ఏమిటి పెదనాన్నా?"

"మెడ వాపు. మింగలేకపోవడం. జ్వరం మరీ ఎక్కువ లేదు." పుస్తకం మూసేశాడు. "గొంతులో బూడిదరంగు పొర కట్టి ఉంటుంది. డిఫ్తీరియా. దానికి మందు నా దగ్గర లేదు, పట్నం పెద్దాస్పత్రిలో ఉంటుంది. ఆలస్యమైతే ఊపిరాడదు."

"అయితే వెళ్లి చెబుదాం పదండి. నాలుగు వీధులేగా."

ఆయన లేచాడు. కోటు తొడుక్కున్నాడు. గుమ్మం దాకా వచ్చాడు. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వినపడుతోంది. ఆగిపోయాడు. పొద్దున గదినిండా మనుషుల ముందు తను గద్దించి పంపిన మనిషి మాటే నిజమైందని ఇప్పుడు ఆ గుమ్మం దిగి ఒప్పుకున్నట్టవుతుంది. పిలవకుండా గడప తొక్కినట్టూ అవుతుంది.

"పొద్దున చూద్దాం," అని కోటు విప్పేశాడు.

ఏడేళ్ల పిల్ల ఊపిరి ఒకవైపు, భార్య ముందు మాట పడకపోవడం ఒకవైపు. ఆయన రెండోది ఎంచుకున్నాడు. నేనూ మేడెక్కి పడుకున్నాను, అది వేరే సంగతి. ఆ రోజు నుంచి నాకు ఆయన మీద గౌరవమన్నది లేదు. ఒక ఇంట్లో ఉంటూ, ఒక పంక్తిలో తింటూ, మనిషిని మనసులో తీసిపారెయ్యడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది.

పొద్దున ఆరున్నరకే వెళ్లాం. తాళాలాయన ఇంటికి తాళం వేసి ఉంది. ఆయన చేసినదే, అరచేయంత ఇత్తడి తాళం. పక్కింటివాళ్లు నిన్న సాయంత్రం బస్సుకి వెళ్లినట్టున్నారన్నారు. ఎక్కడికో తెలియదు. పిల్ల ఎలా ఉందంటే, తండ్రి భుజం మీద పడుకుని ఉంది, చూడలేదన్నారు. పెదనాన్న ఆ తాళాన్ని చేత్తో పట్టుకుని లాగి చూశాడు, తెరుచుకుంటుందేమోనన్నట్టు.

దారిలో నాతో అన్నాడు. "గ్రంథాలయానికి నలుగురూ వస్తారు. ఎవరైనా ఏమైనా చెబుతారేమో కనుక్కో. ఇంట్లో మాత్రం ఈ మాట ఎత్తకు."

వాళ్లు తిరిగి రాలేదు. వారం, నెల, ఏడాది. ఆయన రోజూ ఏదో వంకన ఆ వీధిలోంచి నడిచేవాడు. ఇత్తడి తాళం నల్లబడింది. కొన్నేళ్లకి ఇంటి యజమాని తలుపుతో సహా ఇల్లు పడగొట్టి వరస కొట్లు కట్టాడు. అప్పటికీ పెదనాన్న అడగడం మానలేదు. పట్నం నుంచి మందుల కంపెనీవాళ్లు వస్తే, వాళ్ల మందు గురించి ఒక్క ముక్క వినకుండా, "మీ ఊళ్లో తాళాలు బాగుచేసేవాడొకడు, ఎడమ బొటనవేలు సగమే ఉంటుంది, ఎప్పుడైనా చూశారా?" అనేవాడు. త్రాసు రాళ్లు కొనాలని వంకపెట్టి మూడుసార్లు పట్నం వెళ్లొచ్చాడు. మూడుసార్లూ రాళ్లు లేకుండానే వచ్చాడు. తాళాల కొట్ల సందు మొదటినుంచి చివరిదాకా తిరిగానని నాకు మాత్రం చెప్పాడు. పెద్దాస్పత్రిలో ఆ ఏడాది పుస్తకాలు చెదలు తినేశాయన్నారట.

నేను మొదట్లో నిజంగానే అడిగాను. బస్సు స్టాండులో టిక్కెట్లిచ్చే ఆయన్ని, పోస్టుమాన్‌ని. తర్వాత మానేశాను. నెలకోసారి ఆయన మేడమెట్ల దగ్గర నిలబడి "ఏమైనా తెలిసిందా?" అంటే, చదువుతున్న పుస్తకంలోంచి తలెత్తకుండా "లేదు" అనేవాణ్ణి. అది పిల్ల మీద జాలి కాదని, లెక్క తేలని మనిషి దురద అని నా నమ్మకం. అంత బాధే ఉంటే కోటు విప్పకుండా ఉండాల్సింది.

తర్వాత ఊళ్లో ప్రభుత్వ ఆస్పత్రి కట్టారు. చిన్న వయసు డాక్టరమ్మ వచ్చింది, అయిదేళ్లు అయిదేళ్లలోనే చదివినావిడ. మాత్రలు, సూదులు. ఊరు రెండు నెలల్లో అటు తిరిగింది. చీమ కుట్టినట్టు కూడా లేదు ఎవరికీ. గరాటా కూడా అక్కడే చీటీలు రాసే పనిలో చేరాడు. దారిలో పెదనాన్న కనపడితే నోరు మూసుకోవడం అప్పుడు నేర్చుకున్నాడు. పెదనాన్న మాత్రం తొమ్మిదింటికి మేకు మీంచి తాళంచెవి తీసుకుని, ఒకసారి గొణిగి, గది తెరిచి, ఒంటిగంటదాకా ఖాళీ బల్ల ఎదురుగా కూర్చునేవాడు. గులాబీ నీళ్లు రోజూ మార్చేవాడు. ఎప్పుడైనా దారితప్పి ఒకరు వస్తే, ముందు నోరు తెరవమనేవాడు. కాలికి దెబ్బ తగిలి వచ్చినవాణ్ణి కూడా. "కాలండీ" అని వాడు మొత్తుకుంటున్నా చెంచా పెట్టి గొంతంతా చూసి, తర్వాతే కాలు చూసేవాడు. పిచ్చెక్కిందని ఊళ్లో నవ్వుకున్నారు. నేను నవ్వలేదు గానీ, అయ్యో అని కూడా అనుకోలేదు. ఒక పిల్లకి చూడాల్సిన గొంతు వందమందికి చూస్తే సరిపోతుందా?

ఆయన పోయిన పదిహేనో రోజున మందుల గది ఖాళీ చేస్తుంటే రిజిస్టర్లు దొరికాయి, పదకొండు. కాగితాల కొట్టుకి వేసేద్దామని పట్టుకెళుతుంటే పెద్దమ్మ వంటింట్లో బఠాణీలు ఒలుస్తూ, "ఏంట్రా అవి, చదువు చూద్దాం," అంది. కాలక్షేపానికి అడుగుతోందనుకుని, గుమ్మంలో కూర్చుని మధ్యలో ఒకటి తెరిచాను.

"కుట్టుమిషనాయన తల్లి, డెబ్భై, ఆయాసం."

"పోయింది. నాలుగోరోజు మధ్యాహ్నం. నిద్రలోనే."

"బడి పంతులుగారు, నలభై, కామెర్లు."

"బాగైంది. ఆ మందు బాగా పనిచేసిందని ఆయన భార్య ఎంతకాలం చెప్పుకుందో. ఆ తర్వాత పదేళ్లు బతికాడు."

నేను పేజీలు తిప్పాను. ఎక్కడ తెరిచినా అంతే. ఎవరు ఎన్నాళ్లకి లేచారు, ఎవరికి మందు పడలేదు, ఎవరు సగంలో మానేసి పట్టీ పక్కింటికి ఇచ్చారు, మొత్తం అయిదో గడి ఆమె నోట్లో ఉంది. మూడింటి గస్తీ దేనికో నాకప్పుడు అర్థమైంది. పొద్దున మందు తీసుకెళ్లిన ఇళ్లకి వెళ్లి, మనిషి పక్కన కూర్చుని చూసి వచ్చేది.

"ఇదంతా పెదనాన్నకి ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"ఆయన అడిగితే కదా. చెప్పబోతే ఊరి సోది అనేవారు."

ఆ తేదీ వెతికి తీశాను. సిరా మరక అలాగే ఉంది.

"తాళాలాయన కూతురు. ఏడేళ్లు. గొంతు."

"ఆ పిల్లా? బతికింది," అంది పెద్దమ్మ, బఠాణీ గింజ గిన్నెలో వేస్తూ. "గొంతే కొంచెం బొంగురుపోయింది, పాపం. ఆవేళ మధ్యాహ్నం వెళ్లేసరికి పిల్ల గురక పెడుతోంది. అయిదున్నర బస్సుకి పట్నం పెద్దాస్పత్రికి తీసుకుపొమ్మన్నాను. డాక్టరుగారు ఉప్పునీళ్లు చాలన్నారే అంది వాళ్లమ్మ. ఆయనే మళ్లీ ఆలోచించి నాతో చెప్పి పంపారని చెప్పా. లేకపోతే నా మాట మీద కదులుతారా? మూణ్ణెల్లకి వాళ్ల తమ్ముడొకడు పనిముట్ల పెట్టె కోసం వచ్చాడు. అక్కడే కొట్టు పెట్టుకున్నారట. డాక్టరుగారు పిల్లని బతికించారు, మా దండాలు చెప్పండి అన్నాడు. నేనేమని చెప్పను ఆయనతో? పంపింది ఆయన కాదాయె."

"పెద్దమ్మా, పెదనాన్న ఆ పిల్ల కోసం నలభై ఏళ్లు వెతికాడు."

ఆమె చేతులు ఆగిపోయాయి. "ఎవర్ని అడిగారు?"

"అందర్నీ."

ఆమె మళ్లీ ఒలవడం మొదలుపెట్టింది. ఒలిచిన తొక్కలూ గింజలూ ఒకే గిన్నెలో వేస్తోందని కూడా చూసుకోలేదు. ఆ తర్వాత నేనే, ఏదో ఒకటి అనాలని, ఆ తమ్ముడు ఇంట్లోకి ఎలా వెళ్లాడని అడిగాను, తాళం వేసి ఉండేది కదా అని.

"నేనే తీసిచ్చి మళ్లీ వేశా. వెళ్లేటప్పుడు చెవి నాకిచ్చి వెళ్లారుగా," అని గుమ్మం పక్కకి గడ్డంతో చూపించింది.

పొట్టిది, ఇత్తడిది. మేకుకి అన్నిటికంటే పైన ఉంది. మందుల గది తాళంచెవి తీసుకోవాలంటే ముందు దాన్ని పక్కకి జరపాలి.